లైటుహౌసు మీద ఆదివారం

తొండియార్‌పేట, మద్రాసు
13-2-56

వదినెకు, అన్నకు మంగళ నమస్కారాలు.

కవరు మూలలకు పసుపు చూసేసరికే సంగతి మీకు తెలిసి ఉంటుంది. మన పుష్పవల్లి శనివారం పొద్దున పెద్దమనిషి అయింది. మా అత్త వెంటనే ముందుగదిలో ఒక మూల చాప వేసి కూర్చోబెట్టింది. బడి పోయిందని ఒక ఏడుపు, చెల్లెలు కూడా తనను తాకడం లేదని ఇంకొక ఏడుపు.

ఈ కబురు నోటితో చెప్పవలసింది. పుష్ప నాన్నే వచ్చి, మేనమామ చేతిలో తాంబూలం పెట్టి పిలవాలి. కానీ హార్బరులోకి రెండు ఓడలు ఒకేసారి వచ్చాయి. సరుకు లెక్క చూసే గుమాస్తాలకు ఈ వారమంతా సెలవు లేదన్నారు. అందుకే జాబు. తప్పు పట్టవద్దు.

తొమ్మిదో రోజు, అంటే వచ్చే ఆదివారం 19వ తేదీ, పదిన్నర నుంచి పదకొండున్నర లోపల ముహూర్తం. పచ్చి కొబ్బరాకుతో గుడిసె అల్లి పిల్లను అందులో కూర్చోబెట్టేది మేనమామే గదా. మట్టలకు నేను చెప్పి పెట్టాను. అన్న శనివారం రాత్రికల్లా ఇక్కడ ఉంటే చాలు.

నువ్వు మాత్రం రెండు రోజులు ముందే రా వదినె. నలభై ఆకుల వంట. నీ చేతి పులుసు తింటే మా అత్త నోటికి కొంచెం తాళం పడుతుంది.

పుష్ప మామనే తలుచుకుంటోంది. వేసవి సెలవుల్లో మీ ఊరు వచ్చినప్పుడల్లా గూడ్సు షెడ్డులో మామ తనను తక్కెడ మీద నిలబెట్టి తూచేవాడు కదా, ఇప్పుడైతే ఎంత తూగుతానో అని అడిగింది.

మీ రాకకై చూస్తూ,
మంగళ


పుత్తూరు
22-2-56

చి.ల.సౌ. మంగళకు వదినె ఆశీస్సులు.

నీ జాబు మేము ఊరు విడిచిన తరువాత వచ్చింది. సోమవారం సాయంత్రం తిరిగి వచ్చి తలుపు తీస్తే గడప లోపల పడి ఉంది. మీ అన్నే తీసి చదివారు. చదివి, చెప్పులు విప్పకుండానే బెంచీ మీద కూర్చున్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఎక్కడికి పోయారని అడుగుతావు. రాయడానికి చెయ్యి రావడం లేదు. మద్రాసుకే వచ్చాము.

మీ అన్నకు ఈ ఏడు సెలవూ, ఇద్దరికీ రైల్వే పాసూ దొరికాయి. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది, ఊరు చూడడానికని మేము గడప దాటింది లేదు. ఏ రోజు ఏ చోటికి పోవాలో, ఏ బస్సు ఎక్కాలో మూడు నెలలుగా నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. పాసు గడువు ఇరవయ్యో తేదీతో ఆఖరు. సెంట్రల్ స్టేషను దగ్గర ఒక లాడ్జీలో దిగాము.

గురువారం బతికిన కాలేజి చూశాము. మన పక్క జనం జంతువుల తోటను ఇంకా అలాగే అంటారు. శుక్రవారం మైలాపూరు గుడి, సాయంత్రం సముద్రపు ఒడ్డు. శనివారం చచ్చిన కాలేజి, అదే మ్యూజియం. అక్కడ తిమింగలం ఎముకల కింద నిలబడి మీ అన్న, దీన్ని తూచాలంటే మా షెడ్డు తక్కెడ చాలదన్నారు. ఆదివారం హైకోర్టు మీది లైటుహౌసు ఎక్కాము. సోమవారం పొద్దున రైలెక్కేముందు మీ ఇంటికి వచ్చి మిమ్మల్ని ఆశ్చర్యపరచాలనుకున్నాము. రైలు వేళకు కుదరలేదు.

ముందుగా నీకు రాయకపోవడం నా పొరపాటే. మూడు మైళ్ళ దూరంలో ఉండి కూడా శుభకార్యానికి రాలేకపోయామంటే అది మా దురదృష్టం. పార్సెలులో పుష్పకు ఆకుపచ్చ పట్టు పావడా, దావణి పంపుతున్నాను. మీ అత్తగారికి నువ్వే ఎలాగైనా సర్దిచెప్పు.

వదినె
అలమేలు


తొండియార్‌పేట
1-3-56

వదినెకు మంగళ నమస్కారాలు.

దావణి అందింది. పుష్ప ఇంకా కట్టుకోలేదు. రంగు బాగుంది అని మడిచి పెట్టేసింది.

నీ జాబు చదివి మొదట నవ్వొచ్చింది, తరువాత ఏడుపొచ్చింది. మీరు మద్రాసులోనే ఉన్నారా! పోస్టువాడు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే అన్న చేతులు ఆదివారం మా వాకిట్లో ఉండేవి. ఎవరిని అని ఏం లాభం?

జరిగింది చెప్తాను. శనివారం సాయంత్రం నుంచి పుష్ప కిటికీ వైపు మొహం పెట్టి కూర్చుంది. రైలు చప్పుడైతే చాలు, ‘మామ ఆ బండిలో వచ్చుంటాడు’ అని లెక్క. ఆదివారం పదకొండు దాకా ఆపాము. ముహూర్తం దాటిపోతుందని అయ్యవారు తొందరపెట్టారు. చివరికి మా వీధి ఏకాంబరాన్ని పిలుచుకొచ్చాను. వరసకు నాకు తమ్ముడవుతాడు. పాపం, హార్బరులో కూలీ మేస్త్రీ, మట్టలు చకచకా అల్లేశాడు. ‘గుడిసె నేను కట్టినా మామను కాలేను గదక్కా’ అన్నాడు. పుష్ప తల వంచుకుని లోపల కూర్చుంది. హారతి పట్టేటప్పుడు మా అత్త నలుగురూ వినేట్టు, ‘పిల్లకు మామ ఉండి లేనట్టే’ అంది. నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను.

నీ మీద నాకు కోపం లేదు. లాడ్జీలో ఎందుకు దిగారన్నదే నాకు ముల్లు. మా ఇల్లు ఇరుకే. అయినా అన్నకు చాప పరిచే చోటు లేదా?

ఇంకొకటి. అన్న నాకు ఒక కార్డు రాశాడు. రెండే వాక్యాలు. తప్పయిపోయింది అని ఒకటి. ‘తిరుత్తణి మొక్కు తీర్చుకున్నారా, ఎప్పుడు తిరిగి వచ్చారు’ అని ఇంకొకటి. ఏ మొక్కు? మేము తిరుత్తణి పోయి నాలుగేళ్ళయింది. ఏం బదులు రాయాలో తెలియక నిన్ను అడుగుతున్నాను. నీకు ఏమైనా తెలుసా?

మంగళ


పుత్తూరు
5-3-56

మంగళా,

నీ జాబు నిన్న వచ్చింది. మీ అన్న డ్యూటీలో ఉన్నారు. రెండుసార్లు చదివి, మడిచి, మళ్ళీ విప్పాను. నీకు అబద్ధం రాసి సంతకం పెట్టిన చెయ్యి ఇది. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు వరసగా రాస్తాను.

నీ పసుపు కవరు బుధవారం పదిహేనో తేదీ పొద్దున పదకొండు గంటలకు నా చేతికే వచ్చింది. మీ అన్న షెడ్డులో ఉన్నారు. నేనే విప్పి చదివాను. మరునాటి పొద్దున మా ప్రయాణం. చద్ది మూటకు చింతపండు నానవేసి ఉంది.

చదవగానే సంతోషమే కలిగింది. ఆ మాట నువ్వు నమ్మకపోయినా సరే. తరువాత ‘నలభై ఆకుల వంట’ అన్న చోట నా కళ్ళు ఆగిపోయాయి. ఇరవై రెండేళ్ళలో నేను చూసిన ఊళ్ళన్నీ లెక్కపెట్టాను. కంచి అంటే మీ పెద్దన్న ఇంటి వంటిల్లు. వేలూరు అంటే మీ పిన్ని ఇంటి వంటిల్లు. మద్రాసు మూడుసార్లు వచ్చాను. నీ రెండు కాన్పులకూ, మీ మామగారి కర్మకూ. మూడుసార్లూ నేను సముద్రం చూడలేదు మంగళా. నాలుగు రోజులు, నాలుగే రోజులు, ఎవరి పొయ్యి ముందూ కూర్చోకుండా ఉండాలనుకున్నాను. లాడ్జీలో ఎందుకు దిగామని అడిగావు. అందుకే.

కవరును అన్నం మెతుకుతో మళ్ళీ అతికించి నా చీరల అడుగున పెట్టాను. తిరిగి వచ్చాక, మేము వెళ్ళిన తరువాత వచ్చిందని చెప్పవచ్చు అనుకున్నాను. సోమవారం సాయంత్రం మీ అన్న దీపం వెలిగించేలోపల దాన్ని గడప దగ్గర పడేసింది నేనే.

తిరుత్తణి సంగతి ఇది. ఆదివారం లైటుహౌసు మెట్లెక్కి పైకి పోయాము. గాలి బాగా ఉంది. కింద హార్బరు, ఓడలు, రైలు పట్టాలు అన్నీ చేతికి అందేట్టు కనిపించాయి. మీ అన్న చిన్నపిల్లవాడిలా అటూ ఇటూ తిరిగారు. తరువాత ఉత్తరం పక్కకు వచ్చి చెయ్యి చాపారు.

‘అదో, ఆ పొగగొట్టాలు కనిపిస్తాండాయే, వాటి అవతలే మంగళ ఇల్లు. ఈడిదాకా వచ్చి ఆడికి పోకుంటే బాగుంటుందా? రేపెందుకు, ఇప్పుడే పోదాం పద.’

ఆయన గడియారం చూశాను. పది గంటల నలభై నిమిషాలు. ఆ వేళకు మీ వాకిట్లో ఏం జరుగుతుంటుందో నాకు తెలుసు. అప్పుడైనా చెప్పి ఉంటే, జట్కా పట్టుకుని పదకొండున్నరలోపల మీ ఇంట్లో ఉండేవాళ్ళం. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెబితే నాలుగు రోజులుగా దాచిందీ చెప్పాలి.

‘వాళ్ళు ఊళ్ళో లేరు. తిరుత్తణి మొక్కుకు పోతామని పోయిన నెల జాబులో రాసిందే, మీకు చెప్పినానే’ అన్నాను. వచ్చేటప్పుడు రైల్లోంచి ఆ కొండ చూశాం కదా, ఆ పేరే నోటికి వచ్చింది.

‘చెప్పినావా? నాకు గుర్తు లేదే’ అన్నారు. ఒక్క క్షణం ఆలోచించి, ‘నువ్వు చెప్పుంటావులే’ అని చెయ్యి దించేశారు.

మా ఇంట్లో ఏ సంగతైనా గుర్తు పెట్టుకునేది నేను. పాలవాడి లెక్క, తద్దినాల తిథులు, ఆయన చొక్కాల కొలతలు అన్నీ నా పుస్తకంలో ఉంటాయి. నేను చెప్పానంటే ఆయన తన మతిని కాదని నా మాట నమ్ముతారు. ఆ నమ్మకాన్నే వాడుకున్నాను.

నిన్ను ఒకటి అడుగుతున్నాను. అడగడానికి నాకు ముఖం లేదు. ఆయన కార్డుకు బదులుగా, మొక్కు ఉండేది, పుష్ప సంగతి వల్ల ఆగిపోయింది అని ఒక్క వాక్యం రాసెయ్. ఆయన ఆరోగ్యం కోసమని సాకు చెప్పను. నా కోసమే.

అలమేలు


తొండియార్‌పేట
12-3-56

అలమేలమ్మ గారికి,

మీరు అడిగినట్టే అన్నకు రాశాను. మొక్కు ఉండేది, ఆగిపోయింది అని. తిరుత్తణి మురుగన్ పేరు పెట్టి అబద్ధం రాయడం నాకు ఇదే మొదటిసారి.

మీరు సముద్రం చూడలేదన్న మాట నిజమే. నా రెండు కాన్పులకూ మీరే నడుం విరగ్గొట్టుకున్నారు. బీచికి తీసుకుపోవాలని నాకు ఒక్కసారీ తోచలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను. ‘పిల్ల సంగతి తెలిసింది, మీ అన్నను మాత్రం పంపుతాను, నేను రాను, నాకు ఓపిక లేదు’ అని రాసి ఉంటే నేను అలిగేదాన్ని. నాలుగు నెలలు మాట్లాడేదాన్ని కాదు. ఆ పైన మరిచిపోయేదాన్ని.

ఇది మరిచిపోయేది కాదు. ఎందుకంటే ఇది నా దగ్గర ఆగలేదు. నిన్న, వేసవి సెలవులకు పుత్తూరు ఎప్పుడు పోతావు అని పుష్పను అడిగాను. ‘పోను. అవ్వ చెప్పింది నిజమే. మామకు రావాలని ఉంటే వచ్చుండడా? బిడ్డలు లేనివాళ్ళకు మన బిడ్డ మీద ఎంత ప్రేమ ఉంటుందిలే అనింది అవ్వ’ అంది. పదమూడేళ్ళ పిల్ల, చదువుకున్న మాట అప్పజెప్పినట్టు చెప్పింది.

మీకు పిల్లలు లేని సంగతి ఎత్తి రాసినందుకు మన్నించండి. పిల్ల నోట వచ్చింది వచ్చినట్టు మీకు తెలియాలని రాశాను. జాబు ఆలస్యంగా అందిందని ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు. ఎలా నమ్ముతుంది? చెప్పే నాకే అది అబద్ధమని తెలుసు, నా మొహంలో కనిపిస్తుంది.

అన్నను కాపాడడానికి నిజం చెప్పాలి. నిజం చెబితే మీ పేరు పోతుంది. ఈ రెంటి మధ్య నన్ను నిలబెట్టారు.

మంగళ


పుత్తూరు
19-3-56

మంగళా,

నిన్న ఆదివారం మీ అన్నకు చెప్పేశాను.

భోజనం చేసి అరుగు మీద పేపరు చదువుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. మొదట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. బుధవారం పదకొండు గంటల నుంచి వరసగా చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, మడత మీద బొటనవేలితో గీస్తూ విన్నారు. నీకు రాసిన జాబూ, నీతో రాయించిన అబద్ధమూ కూడా చెప్పాను.

అంతా అయ్యాక ఒక్కటే అడిగారు. ‘నేను ఆ పక్కకు చెయ్యి చూపించినప్పుడు, ఆడ పిల్ల నా కోసం కూర్చోనుందని నీకు తెలుసునా?’

తెలుసునన్నాను.

లేచి పోయి దొడ్లో చాలాసేపు కాళ్ళు కడుక్కున్నారు. ఆయన అరిచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో. పొద్దున కాఫీ ఇస్తే తీసుకున్నారు. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా చెప్పే మనిషి, రాత్రి కూరలో ఉప్పు వేయడం నేను మరిస్తే ఊరికే తినేశారు.

శనివారం బండికి మీ దగ్గరికి వస్తున్నారు. నేనూ వస్తానన్నాను. ‘ఈసారి వద్దులే’ అన్నారు. కోపంగా కాదు. ‘నువ్వు ఉంటే పుష్ప ముందర నాకు మాట సరిగా రాదు’ అన్నారు. పిల్లకు ఆయన నిజం చెబుతారని నేను సిద్ధపడి ఉన్నాను. నువ్వు ఆపవద్దు.

అలమేలు


తొండియార్‌పేట
27-3-56

వదినెకు,

అన్న వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళాడు. జరిగింది నీకు చెప్పి ఉండడని తెలుసు. అందుకే రాస్తున్నాను.

వచ్చీ రాగానే పుష్పను పిలిచాడు. అది గుమ్మం పట్టుకుని నిలబడింది. మా అత్త మంచం మీద ఉంది, నేను పక్కనే ఉన్నాను.

‘కాగితం బుధవారమే వచ్చింది పాపా. నేనే చదివినా. ఊరు చూడాలనే పిచ్చిలో పెట్టెలో వేసి మరిచిపోయినా. మీ అత్తకు చెప్పను కూడా లేదు. తప్పు నాదే’ అన్నాడు.

నేను నోరు తెరవబోతే నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. పుష్ప ఏడవలేదు. ‘మరిచిపోయినావా’ అని ఒక్క మాట అని మిద్దె మీదికి పోయింది. రెండు రోజులూ మామ ఎదుటికి రాలేదు. అన్న తెచ్చిన పళ్ళు చెల్లెలికి ఇచ్చేసింది. మా అత్తకు మాత్రం పండగ. ‘నేను చెప్పలేదా’ అని వీధి వీధికీ చెప్పుకొచ్చింది.

స్టేషనుకు పోతూ దారిలో అన్నను అడిగాను, ఎందుకిట్లా చెప్పినావని. ‘అలమేలు పేరు ఈ ఇంట్లో పడితే మీ అత్త దాన్ని చచ్చేదాకా నములుతాది. నా పేరైతే నాలుగు దినాలు అని వదిలేస్తాది. ఇరవై రెండేండ్లు నేను మాత్రం దాన్ని సముద్రానికి పిలుచుకోనిపోయినానా’ అన్నాడు. రైలు ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి మా వీధి వైపు చూశాడు. పుష్ప వస్తుందేమోనని.

రాలేదు.

నీ మీద నాకు ఉన్న కోపం ఇంకా ఉంది. అయినా వదినె అని రాయకుండా ఉండలేకపోయాను. జాబు ఆలస్యమైందని నేను, మరిచిపోయానని మామ చెప్పడంతో, ఏది నిజమో చెప్పమని పుష్ప నన్ను పీడిస్తోంది. నేను చెబితే అన్న మాట కొట్టేసినట్టవుతుంది. ఏం చేయాలో నువ్వు చెప్పు.

మంగళ


పుత్తూరు
31-3-56

చి. పుష్పవల్లికి అత్త ఆశీస్సులు.

ఈ జాబు నీ పేరుకే రాస్తున్నాను. నువ్వే మొదట చదవాలి.

మీ మామ నీతో చెప్పింది నిజం కాదు. మీ అమ్మ రాసిన పసుపు కవరు బుధవారం నా చేతికి వచ్చింది. చదివింది నేను. అతికించి దాచింది నేను. మీ మామకు నీ సంగతి ఏమీ తెలియదు. ఆదివారం పది గంటల నలభై నిమిషాలకు హార్బరు దగ్గర లైటుహౌసు మీద నిలబడి ఆయన మీ ఇంటి వైపు చెయ్యి చూపి, ఇప్పుడే పోదాం పద అన్నారు. నీకు ఓడల కబుర్లు చెప్పాలని ఆయన ఆశ. మీరు ఊళ్ళో లేరని చెప్పి ఆపింది నేను. ఆ వేళకు నువ్వు కూర్చుని ఉంటావని నాకు తెలిసే ఆపాను.

ఎందుకు అంటే, నాకు ఊరు చూడాలనిపించింది. మీ ఇంటికి వస్తే వంట చేయాల్సి వస్తుందని అనుకున్నాను. అంతకంటే పెద్ద కారణమేదీ లేదు. ఉంటే రాసి ఉండేదాన్ని.

నన్ను మన్నించమని అడగను. అది నీకు ఎప్పుడు తోస్తే అప్పుడు, తోచకపోతే లేదు. మీ మామ మీద మాత్రం కోపం పెట్టుకోకు. నేను ఈ జాబు రాస్తున్నట్టు ఆయనకు తెలియదు. తెలిస్తే చింపేస్తారు. పోస్టులో వేసి వచ్చాకే చెబుతాను.

ఇంకొక పని చెయ్యి. మీ అవ్వకు చదువు రాదు. సాయంత్రం ఆమె పక్కన కూర్చుని ఈ జాబు గట్టిగా చదివి వినిపించు. వీధిలోవాళ్ళు ఉన్నా ఫరవాలేదు. ఆమె నన్ను ఏమేమో అంటుంది, అననీ. నీకు ఏడుపొచ్చినా, మీ అమ్మ వద్దన్నా, మధ్యలో ఆపొద్దు తల్లీ. నా పేరుదాకా చదువు.

నీ అత్త,
అలమేలు